ఏడు పేటల వంతెన

ఒక పట్నాన్ని రెండుగా చీలుస్తూ ఒక ఏరు పారేది. ఇవతలి గట్టున కోట, కచేరీ, అంగడి వీధి ఉండేవి. అవతలి గట్టున ఏడు పేటలు. ఆ పేటల్లో చాలామంది ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళ పని ఇవతల, నిద్ర అవతల. రెంటికీ మధ్య ఒక బల్లకట్టు తిరిగేది.

ఆ బల్లకట్టు ముసలిదైపోయింది. మంచు పట్టినా, గాలి లేచినా ఆగిపోయేది. దాని మోకు పేనే పనివాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. మోకు ఎక్కడైనా అరిగితే, బల్లకట్టువాడు మూలన పడేసిన పాత మోకులోంచి కొంత తీసి అతుకు వేసేవాడు.

ఆ పట్నంలో నాలుగేళ్ళకోసారి జనమే తమ పెద్దను ఎన్నుకునే ఆచారం ఉండేది. అలా వచ్చిన ఒక పెద్ద ఏరంతా తిరిగి చూసి, పేటకొకటి చొప్పున ఏడు చెక్క వంతెనలు వేయిద్దామని తేల్చాడు. చెక్కవే అయినా గట్టివి, బండి కూడా దాటగలిగినవి. రాజు దగ్గరికి వెళ్ళి మాట్లాడితే, ఖర్చు మొత్తం కోట ఖజానా నుంచే ఇస్తానని రాజు రాసిచ్చాడు. దుంగలు వచ్చాయి. వడ్రంగులకు బయానా ముట్టింది. ఏటి ఒడ్డున గుంజలు పాతారు. అంతలో ఆ పెద్ద గడువు తీరిపోయింది.

పెద్దరికం కోరుకుంటున్న ఇంకొకాయన అవతలి గట్టుకు వెళ్ళాడు. పేట పేటకూ వెళ్ళి, ఇంటింటి అరుగు మీదా కూర్చుని అడిగాడు. కోట వీధి కాలవ మీద రాతి వంతెన ఉన్నప్పుడు మీకు మాత్రం చెక్క వంతెనలేమిటని అడిగాడు. మీరు వాళ్ళకంటే దేనిలో తీసిపోయారని అడిగాడు. ఆయన అడిగింది ఉత్త అబద్ధమని చెప్పలేం. ఆ పేటలకు వీధి దీపం ఆలస్యంగానే వచ్చింది, బావి ఆలస్యంగానే వచ్చింది. చిన్నచూపు అంటే ఏమిటో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఆ మాట నేరుగా గుండెకు తగిలింది. ఆ సాయంత్రం దాకా చెక్క వంతెన వాళ్ళకు ఏరు దాటే దారి. ఆ సాయంత్రం నుంచి అది అవమానం.

జనం ఆయన్నే గెలిపించారు. తలపాగా చుట్టుకున్న రోజే ఆయన దండోరా వేయించి గుంజలు పీకించాడు. దుంగలు వానకు నానాయి. వడ్రంగులు బయానా తిరిగి ఇవ్వలేదు సరికదా, పని ఆపినందుకు ఒప్పందం ప్రకారం నష్టపరిహారం కూడా పట్టుకెళ్ళారు.

ఏడు వంతెనలూ రాతితో కట్టడం ఎవరి తరమూ కాదు గనక, మూడు చాలనుకున్నారు. చెక్క వంతెనలకు ఇస్తానన్నంత ఇస్తాను, పైది మీరు చూసుకోండని రాజు కబురు పెట్టాడు. దాంతో ఇంటింటికీ కొత్త పన్ను పడింది. అందరికంటే ముందు, సంతోషంగా కట్టినవాళ్ళు అవతలి గట్టువాళ్ళే. ఏటి ఒడ్డున కొబ్బరికాయలు కొట్టి, పెద్ద పేర్లు చెక్కిన శంకుస్థాపన రాయి నిలబెట్టారు.

కచేరీలో ఒక కరణం ఉండేవాడు. లెక్క తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. ఏడు చెక్క వంతెనలైతే ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో పని జరుగుతుందని అతను ఒక తాటాకు మీద రాసి పైకి పంపాడు. ఆ ఆకు మిగతా ఆకుల అడుగున చేరింది. అప్పటికి చెక్క అనే మాట కచేరీలో ఎవరూ పైకి అనేవారు కాదు. అన్నవాడు అవతలి గట్టుకు శత్రువైపోయేవాడు.

తర్వాత వచ్చిన పెద్ద నెమ్మదస్తుడు. ఎవరితోనూ తగవు పెట్టుకోడు. రాతి వంతెనను ఆయనా మెచ్చుకున్నాడు. అయితే ఏటి అడుగు తవ్వి చూసినకొద్దీ, రాయి ధర పెరిగినకొద్దీ మూడు వంతెనలకు డబ్బు చాలదని తెలిసింది. ఆయన రెండింటిని కొట్టేసి ఒక్కటి ఉంచాడు. ఆరు పేటలవాళ్ళు ఆ ఒక్కదాని దగ్గరికి నడిచి రావాలి. అయినా రాతిదే కదా అని సర్దుకున్నారు. రెండో శంకుస్థాపన రాయి వచ్చింది.

ఈలోగా కోటలో రాజు మారాడు. ఈ పట్నంవాళ్ళకు వంతెన కట్టడం చేతకాదని కొత్త రాజు ఆ పని తన చేతుల్లోకే తీసుకున్నాడు. ఒకటి మళ్ళీ మూడయింది, ఖర్చు ఇంకా పెరిగింది. మూడో రాయి నిలబడింది. అన్నేళ్ళలో ఏటి ఒడ్డుకు చేరిన రాళ్ళు ఆ మూడే. చాకళ్ళు వాటి మీద బట్టలు ఉతుక్కునేవాళ్ళు. ఆ మాత్రమైనా పనికొచ్చాయని సంతోషించాలి.

బల్లకట్టు సంగతి అందరూ మరిచిపోయారు, రోజూ దాన్ని ఎక్కేవాళ్ళు తప్ప. ప్రతి పెద్దా బల్లకట్టువాణ్ణి పిలిచి ఇంకొన్నాళ్ళు లాగించమని బతిమాలేవాడు. అతను అతుకు మీద అతుకు వేసి లాగించాడు. చివరికి ఇంకొన్ని నెలల్లో దాన్ని ఒడ్డుకు ఎక్కించేద్దామని కచేరీలో అనుకున్నారు. ఆ నెలలు నిండకుండానే, ఒక ఆషాఢం సాయంత్రం, జనంతో నడి ఏట్లో ఉండగా మోకు తెగింది. ప్రాణాలు పోలేదు. కొందరికి దెబ్బలు తగిలాయి. మరి ఆ బల్లకట్టు నీళ్ళలోకి దిగలేదు.

ఆ మర్నాటి నుంచి అవతలి గట్టువాళ్ళు ఎగువన లోతు తక్కువ ఉన్నచోటికి చుట్టూ తిరిగి, మోకాలి లోతు నీళ్ళలో దాటసాగారు. పెరుగు అమ్మే ఆమె అంగడికి చేరేసరికి కొనేవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తాపీపనివాడికి పూట కూలి తెగేది. రాతి వంతెన పన్ను మాత్రం ఏటేటా వసూలవుతూనే ఉంది.

ఒకనాటి రాత్రి కరణం దీపం ముందేసుకుని వంతెన ఖాతా మొదటి నుంచీ చదివాడు. దుంగలకు ఒక గడి ఉంది. నష్టపరిహారానికి ఉంది, కొలతలకు ఉంది, శంకుస్థాపన దండలకు కూడా ఉంది. ఏటి ఒడ్డున నిలబడి జనం పోగొట్టుకున్న పూటలకు గడి లేదు. అతను తన చేత్తోనే ఒక గీత గీసి ఆ గడి కలిపాడు. ఒక్కొక్క పేటలో ఎంతమంది, ఒక్కొక్కరికి రోజుకు ఎంతసేపు అని రాసుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నాడు. ఆ ఒక్క గడి మొత్తం మిగతా అన్ని గడుల మొత్తాన్నీ దాటిపోయింది. మళ్ళీ ఎన్నికలయ్యాయి. కొత్తగా వచ్చిన పెద్ద ఆ పుస్తకం తిరగేసి, గీత వంకరగా ఉందని చెప్పి కొత్త ఖాతా తెరిపించాడు.

కథ బయటా ఇంతే: జనం ఎక్కే బండి మీద ఎంత ఖర్చు పెట్టాలన్న తగవులో నాయకులు పరువును ఎరగా వేస్తారు, ఆగిపోయిన ఏళ్ళ ఖరీదును ఖాతాకు ఎక్కించరు. కెనడాలోని టొరంటోలో రాబ్ ఫోర్డ్ మేయరైన రోజే, 2010 డిసెంబర్ 1న, అంతకుముందు మేయర్ డేవిడ్ మిల్లర్ తెచ్చిన ట్రాన్సిట్ సిటీ అనే లైట్ రైలు ప్రణాళిక ముగిసిందని ప్రకటించారు. ఆ తర్వాత ఆ నగరంలోని స్కార్‌బరో ప్రాంతానికి ఒప్పందం దాకా వెళ్ళిన 7 స్టేషన్ల లైట్ రైలు 2013లో 3 స్టేషన్ల సబ్‌వేగా, 2016లో ఒకే స్టేషన్‌గా, 2019లో అంటారియో ప్రభుత్వం చేతిలో మళ్ళీ 3 స్టేషన్లుగా మారింది, దానికోసం ఇంటి పన్ను పెంపు 2014లోనే మొదలైంది, అక్కడ 1985 నుంచి నడుస్తున్న పాత రైలు 2023 జూలై 24న పట్టాలు తప్పి మరి నడవలేదు. మీ ఊళ్ళో ఏ మేయరైనా పాత పథకాన్ని కొట్టేసి అంతకంటే గొప్పది తెస్తానన్నప్పుడు, అది వచ్చేదాకా మేం ఏం ఎక్కి వెళ్ళాలో చెప్పమని అడగండి.