విద్యాఋణము

పుదుచ్చేరి ఒర్లియంపేటలో తెలుగువారము కొందరము సాయంకాలములందు గీతాపఠనము చేయుచుండగా స్వధర్మ ప్రసంగము వచ్చినప్పుడెల్ల 2022 జూలై నాటి విమానవృత్తాంత మొకటి చర్చకు వచ్చుట కద్దు. ఢిల్లీనుండి హైదరాబాదునకు అర్ధరాత్రివేళ వచ్చుచున్న ఇండిగో విమానమున ఒక ప్రయాణికుడు ఊపిరాడక తల్లడిల్లగా, డాక్టరుగారెవరైన ఉన్నారా యని ఎయిర్ హోస్టెస్ ఎలుగెత్తి అడిగెను. ఆ పిలుపు నందుకొన్నవారు నాటి తెలంగాణ గవర్నరు, మా పుదుచ్చేరికిని లెఫ్టినెంట్ గవర్నరుగా అదనపు బాధ్యత వహించుచుండిన డాక్టర్ తమిళిసై సౌందరరాజన్. నాడి నిమిషమునకు 39 మాత్రమే; ఆమె రోగిని ముందునకు వంగజేసి, ధైర్యము చెప్పి, శ్వాస కుదుటపఱచిరి. అది డెంగీ యనియు, ప్లేట్‌లెట్లు 14,000కు పడిపోయినవనియు పిమ్మట హైదరాబాదు ఆసుపత్రిలో తేలినది.

రాజ్యపాలనకు నియుక్తురాలైన వ్యక్తికి వైద్యము పరధర్మము గాదా యని మాలో నొక మిత్రుడు ఆక్షేపించెను. ఆక్షేపణ చమత్కారమైనదే గాని నిలువదు. మన పెద్దలు చెప్పిన మూడు ఋణములలో ఋషిఋణము విద్యవలన సంక్రమించునది. పదవి యిచ్చినవారు పదవిని మరల గైకొనవచ్చును, ఆమెయు ఆ రెండు పదవులను 2024 మార్చిలో విడిచిరి, కాని నేర్చిన వైద్యమును విడుచు టెట్లు? పిలుపు విని నిద్ర నటించు వైద్యులును లేకపోలేదు. వారి అప్పు వారికే తెలియును.

నన్ను మఱింత ఆలోచింపజేయునది అడిగిన ఆ ఎయిర్ హోస్టెస్. ప్రథమచికిత్సయు, ఆగిన గుండెను ఒత్తి నడిపించుటయు, ఆక్సిజన్ సిలిండరు నుపయోగించుటయు కేబిన్ సిబ్బందికి శిక్షణలోనే నేర్పుదురు. అయినను తన విద్య ఎంతవఱకో యెఱిగి, అంతకు మించినదానిని నిండు విమానమున నలుగురి యెదుట యాచించుట సామాన్యమైన వినయము గాదు. ఉభయసేనల నడుమ అర్జునుడు తన అజ్ఞానము నొప్పుకొని శిష్యుడనైతి నన్న పిమ్మటనే గదా గీతోపదేశ మారంభమైనది!

అయితే విమానమును దారి మళ్లించి దగ్గఱి విమానాశ్రయమున దింపవలసివచ్చినచో, వైద్యుల మాట విని ఆ నిర్ణయము చేయవలసినవాడు కెప్టెనే. శాసనసభల బిల్లులకు ఆమోదము తెలుపు వ్యక్తియైనను అచ్చట సలహా చెప్పి ఊరకుండవలసినదే. ఈ మాట విని మా మిత్రుడు, అట్లయిన ఆ రాత్రి రాజధర్మము కాక్‌పిట్‌లో నున్నవానిదే గదా యనెను. అది నిజమే.