బాలరోగి విషాదము – పెద్దల ధర్మము

"తాతగారూ! పోయిన జన్మలో నేనేం పాపం చేశాను?" అని 14 ఏండ్ల బాలుడొకడు నన్నడిగెను. ఆతనికి మధుమేహము. దినమునకు నాలుగు మారులు ఇన్సులిన్ సూది వేసికొనవలెను. బంధువులెవరో "అంతా కర్మఫలం" అనిరట. నేనును అలవాటు చొప్పున "ప్రారబ్ధము అనుభవింపక తప్పదు నాయనా!" అంటిని. బాలుడు మరి మాటాడలేదు. ఆ మౌనము నన్ను నేటికిని బాధించుచున్నది.

బాల్యమున సాధారణముగా వచ్చు మధుమేహము మిఠాయిలు తినుటచే గాని, నడవడి దోషముచే గాని కలుగునది కాదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే ఇన్సులిన్‌ను పుట్టించు కణములను నశింపజేయుటచే కలుగును. 1922లో కెనడా దేశమున 14 ఏండ్ల బాలునకు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకుముందు ఈ వ్యాధి బాలురకు మృత్యువే. నేడు దేహము నిలుచుచున్నది, మరి మనస్సు? తోడివారికి లేని నియమములు, ఎడతెగని సూదులు, జాలిచూపులు - వీనిచే లోలోన క్రుంగి, సిగ్గుచే మందునే మానువారును గలరు.

కర్మసిద్ధాంతము అసత్యమని నేననను. ఎవనికి వాడు తన నడవడిని దిద్దుకొనుటకు అది దీపము. పరుల దుఃఖమును కొలుచుటకు తూనిక గాదు. సుఖదుఃఖముల నోర్చుకొమ్మని గీతాచార్యుడు ఉపదేశించెను. అయితే ఎప్పుడు? అర్జునుని మొర నంతయు ఆలకించిన పిమ్మట. మొదటి అధ్యాయమున స్వామి పలికినది ఒక్క వాక్యమే. ఆ విషాదమునకును యోగమనియే పేరు. జగద్గురువే విని చెప్పగా, మనము వినకయే చెప్పుట యుక్తమా?

16వ శతాబ్దమున కేరళమునందు మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి యౌవనముననే వాతరోగపీడితుడై గురువాయూరప్పని ఆశ్రయించి, 100 దశకముల నారాయణీయమును రచించెనని ప్రసిద్ధి. భాగవతకథను కీర్తించుచునే, పలు దశకముల చివర తన రోగమును పోగొట్టుమని స్వామిని వేడుకొనెను. బాధను దాచుట భక్తి యని ఆయన తలపలేదు. చెప్పుకొనిన బాధయే స్తోత్రమైనది.

కావున గృహస్థులారా! రోగపీడితుడైన బిడ్డ విసుగుకొన్నచో గద్దింపకుడు; ఏడ్చినచో వారింపకుడు. "నీవేమి తప్పును చేయలేదు" అని ముందు చెప్పుడు. మాట తగ్గినను, మందు మానినను, బ్రతుకుపై విరక్తి చూపినను ఆలసింపక వైద్యునకు తెలుపుడు. దేహమునకువలె మనస్సునకును వైద్యము కలదు. మ్రొక్కు వైద్యమునకు తోడు గావలెను గాని అడ్డు గారాదు.

కొన్నాళ్లకు ఆ బాలుడు మరల మా యింటికి వచ్చెను. "ఆనాడు నేను తొందరపడితిని, క్షమింపుము" అని చెప్పి, ఆతని ప్రక్కన కూర్చుండి చాలసేపు వింటిని. లేచునపుడు స్వామి లడ్డూప్రసాదమును చూచి తటపటాయించెను. చిటికెడు త్రుంచి చేతనుంచితిని. ప్రసాదమునకు పరిమాణముతో పనిలేదు. కణమైనను అనుగ్రహము పూర్ణమే. బాలుడు కన్నుల నద్దుకొని నవ్వెను.

ఆ నవ్వును ఇట్టి బిడ్డలందరికిని శ్రీనివాసుడు ప్రసాదించుగాక!