పసినాలుక ముందు వేపపువ్వు

ఉగాదినాటి పచ్చడిని పిల్లలు ఇష్టపడి తినేలా తీయని పండ్లతో కలిపి చేయడం ఆచారాన్ని నిలబెట్టడమా, లేక దానిని పలుచన చేయడమా అన్న ప్రశ్న పైకి వంటింటికి చెందినదిగానే కనిపిస్తుంది. కాని లోతుగా చూస్తే, మేలు చేసేది, ఇంపుగా ఉండేది ఒకటేనా, రెండూ వేరైనప్పుడు వివేకం ఇంకా పూర్తిగా ఏర్పడని బిడ్డకు పెద్దలు ఏది, ఎలా అందించాలి అన్న ధర్మవిచారం అందులో ఇమిడి ఉంది. ఉపనిషత్తుల పరిభాషలో మొదటిదానికి శ్రేయస్సు అనీ, రెండవదానికి ప్రేయస్సు అనీ పేర్లు. ఏటా చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ప్రతి ఇంటిలోనూ ఒక బిడ్డ ముఖం చిట్లించి వేపపువ్వును వేలితో పక్కకు నెట్టిన క్షణంలో ఈ ప్రశ్న కొత్తగా పుడుతుంది కనుక, దానిని పండితుల చర్చగా మాత్రమే వదిలివేయడం సరికాదు.

ఈ విచారానికి అమరాపురం ప్రాంతం ప్రత్యేకంగా అనువైనది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మండలం కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు సరిహద్దున ఉంది. నొళంబ పల్లవుల రాజధాని హెంజేరుగా శాసనాలకెక్కిన హేమావతి ఈ మండలంలోనిదే. తెలుగు, కన్నడం రెండూ వాడుకలో ఉన్న ఈ సీమలో ఉగాదికి రెండు పద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది కన్నడిగులు బేవు-బెల్ల అని పిలిచేది: వేపపువ్వు, బెల్లం ఈ రెండే ప్రధానం, పులుసు ఉండదు. రెండవది తెలుగువారి పచ్చడి: కొత్త చింతపండు రసంలో బెల్లం కరిగించి, మామిడికాయ ముక్కలు, వేపపూత, ఉప్పు, కారం చేర్చేది, రాయలసీమ ఇళ్లలో దీనికి అరటిపండు, పుట్నాలపప్పు, కొబ్బరి కూడా తోడై, పచ్చడి తాగేదిగా కాక గరిటెతో వడ్డించుకొనేటంత చిక్కగా తయారవుతుంది. చింతపండు వ్యాపారానికి పేరుపడిన హిందూపురం మార్కెట్టు దగ్గరలోనే ఉండడం, చీనీ (బత్తాయి), దానిమ్మ, మామిడి, అరటి తోటలు అనంతపురం నేలకు గుర్తింపు తెచ్చిన పంటలు కావడం వలన ఈ పచ్చడిలోకి పండ్లు చేరడం ఇక్కడ వింత కాదు. కాబట్టి ఏది అసలైన ఆచారం అన్న ప్రశ్నకు ఈ సీమలో ఒకే వీధిలోని రెండు ఇళ్లు రెండు జవాబులు చెబుతాయి.

గ్రంథాలను ఆశ్రయిస్తే విషయం మరింత ఆసక్తికరమవుతుంది. ఉగాదినాడు పఠించే ప్రసిద్ధ శ్లోకం వేప చిగుళ్లను తినడం వలన నూరేళ్ల ఆయువు, వజ్రం వంటి దేహం, సంపద కలుగుతాయనీ, అరిష్టాలు తొలగుతాయనీ చెబుతుంది. అంతకుమించి మామిడిని గాని, చింతపండును గాని, బెల్లాన్ని గాని పేర్కొనదు. సంప్రదాయంలో ప్రచారంలో ఉన్న మరొక విధి లేత వేపాకులను పూలతో సహా నూరి, మిరియాలు, ఉప్పు, ఇంగువ, జీలకర్ర, వాముతో కలిపి రోగశాంతి కోసం తినమంటుంది. వసంతం మొదలై ఋతువు మారే వేళ శరీరాన్ని కాపాడుకోవడమే వీటి ఉద్దేశమని స్పష్టంగా తెలుస్తుంది. తీపి, పులుపు, పండు ఈ రెండు విధులలోనూ పేర్కొన్నవి కావు. ఇది గ్రహించినప్పుడు, బెల్లం వేసుకొన్న తరం దానిమ్మ గింజలు వేసే తరాన్ని తప్పుపట్టడానికి ఆధారం మిగలదు.

జీవితంలోని కష్టసుఖాలకు పచ్చడిలోని రుచులు ప్రతీకలన్న వివరణ నేడు అంతటా వినిపిస్తున్నది: తీపి సంతోషం, చేదు దుఃఖం, కారం కోపం, ఇలా ఒక్కొక్క రుచికి ఒక్కొక్క భావాన్ని జోడిస్తారు. ఈ వివరణలో అందం ఉంది, దానిని తోసిపుచ్చవలసిన పని లేదు. అయితే పై శ్లోకం దానిని చెప్పడం లేదనీ, ఏ రుచికి ఏ భావమన్న విషయంలో చెప్పేవారి మధ్యనే ఏకాభిప్రాయం లేదనీ గమనించాలి. రుచుల సంఖ్య విషయంలోనే ప్రాచీనులు ఎంతో జాగ్రత్తగా ఉన్నారు. చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో ఋషులు ఒకచోట చేరి, రసం అంటే నాలుకకు తెలిసే గుణం ఒక్కటేనని ఒకరు, రెండని ఒకరు, లెక్కలేనన్ని అని మరొకరు వాదించగా, ఆత్రేయుడు అందరి మాటా విని తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరింటిని స్థిరపరుస్తాడు. ఈ ఆరూ విడిగాను, కలయికగాను 63 విధాలవుతాయని కూడా అక్కడే లెక్క తేలుతుంది. న్యాయశాస్త్ర గ్రంథమైన తర్కసంగ్రహంలో అన్నంభట్టు ఆరు రసాలూ పృథివిలోనే, అంటే మట్టికి సంబంధించిన ద్రవ్యాలలోనే ఉంటాయనీ, నీటికి ఉన్నది తీపి ఒక్కటేననీ చెప్పాడు. ఈ చర్చలలో చేదు దుఃఖానికి గుర్తు కాదు. అది తీపితో సమానంగా ప్రపంచంలో ఉన్న ఒక గుణం, శరీరానికి తన పని తాను చేసే గుణం. బిడ్డకు చేదును దుఃఖమని పరిచయం చేయడం కంటే చేదుగానే పరిచయం చేయడం ఎక్కువ సత్యంగా ఉంటుంది, ఎందుకంటే దుఃఖాన్ని ఎవరూ కోరి తినమనరు గాని చేదును మేలెరిగి తినవచ్చు.

బిడ్డకు అన్ని రుచులూ అందవలసిందేనన్న భావన ఉగాదికే పరిమితమైనదీ కాదు. అన్నప్రాశన, అంటే శిశువుకు మొదటిసారి అన్నం తినిపించే సంస్కారం, ఆరవ నెలలో జరగాలని విధించిన పారస్కర గృహ్యసూత్రం, అన్ని రసాలనూ, అన్ని అన్నాలనూ ఒకచోట చేర్చి బిడ్డ చేత తినిపించమంటుంది. పాలు తప్ప మరొకటి ఎరుగని నోటికి ప్రపంచాన్ని తీపిగా మాత్రమే కాక సమగ్రంగా పరిచయం చేయాలన్న సంకల్పం ఇందులో కనిపిస్తుంది. సంస్కారంలో పెట్టేది నాలుకకు తాకేటంతే కావడం కూడా గమనించదగినది. సమగ్రత పరిమాణంలో లేదు.

దీనికి ఎదురుగా నిలిచే ప్రమాణం భగవద్గీతలో ఉంది. 17వ అధ్యాయం ఆహారాన్ని మూడు గుణాల ప్రకారం విభజిస్తూ, రసవంతమై, స్నిగ్ధమై, అంటే కొంత నెయ్యి వంటి మృదుత్వం కలిగి, హృదయానికి ఇంపైన ఆహారం సాత్త్వికులకు ప్రియమనీ, మిక్కిలి ఘాటైనవి, పులుపైనవి, ఉప్పనివి రాజసులకు ప్రియమనీ చెబుతుంది. వ్యాఖ్యాత శ్రీధరస్వామి ఇక్కడి రాజస ఆహారాలలో మొదటిదానికి వేపనే ఉదాహరణగా చూపాడు. పండుగనాడు తినవలసిన వేప రాజసమెలా అవుతుందన్న సందేహానికి ఆయన వ్యాఖ్యలోనే సమాధానం దొరుకుతుంది: మిక్కిలి అన్న విశేషణం జాబితాలోని ప్రతి పదానికీ వర్తిస్తుందని ఆయన వివరించాడు. దోషం వేపది కాదు, అతిది. ఇంపుగా ఉండడం సాత్త్విక లక్షణాలలో ఒకటిగా శాస్త్రమే లెక్కించినప్పుడు, పచ్చడిని పిల్లల నోటికి ఇంపుగా చేయడం బలహీనతకు లొంగడం కాదు. పిల్లలకు ఎక్కువ చేదు పెడితేనే పుణ్యమన్నట్లు పట్టుబట్టే పెద్దలు ఈ భాగాన్ని ఒకసారి శ్రద్ధగా చదవాలి.

పసినాలుక స్వభావాన్ని ఆధునిక పరిశోధన కూడా ఇదే దిశలో వివరిస్తున్నది. అప్పుడే పుట్టిన శిశువు నాలుకపై తీపి చుక్క పడితే ముఖం వికసిస్తుంది, చేదు తగిలితే ముడుచుకుంటుంది. ఇది ఎవరూ నేర్పనిది, విషపదార్థాలలో పెక్కు చేదుగా ఉండడం వలన ప్రకృతి ఇచ్చిన రక్షణ. ఆ రక్షణను పెంకితనమని మందలించడం అన్యాయం. ఒక రుచిని కొద్దికొద్దిగా, బలవంతం లేకుండా, పలుమార్లు ఎదుట ఉంచితే పిల్లలు క్రమంగా దానిని అంగీకరిస్తారన్నది కూడా పరిశీలనలో తేలినదే. ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుందన్నది మరొక నిర్ధారణ; పచ్చడిలో చిటికెడు ఉప్పు లేకపోతే బెల్లం ఎంత వేసినా రుచి కుదరదని వంటచేసేవారు ఎరిగినదానికి ఇదే కారణం.

ఈ విచారాన్ని అనుసరించి పిల్లల కోసం పచ్చడి చేయదలచినవారికి పద్ధతి కష్టమైనది కాదు. ఉసిరికాయంత కొత్త చింతపండును నానబెట్టి తీసిన చిక్కని రసంలో, ఒక చిన్న మామిడికాయ తరుగుకు రెండింతల బెల్లపు పొడి కరిగించి, నలక లేకుండా వడకట్టాలి. మామిడిని తొక్కతో సహా సన్నగా తరిగితే ఆరింటిలో చాలామంది మరచే వగరు దానితోనే వస్తుంది. పండిన అరటిపండు ముక్కలు, గింజలు, పొరలు తీసిన చీనీ తొనలు, గుప్పెడు దానిమ్మ గింజలు, పచ్చి కొబ్బరి తురుము, పుట్నాలపప్పు చేర్చి, ఉప్పు, మిరియాల పొడి చిటికెడు చొప్పున వేయాలి. పసివారికి ఎండుకారం కంటే మిరియం నయం. మరీ చిన్న పిల్లలకు పుట్నాలను పొడిచేసి కలపడం, పండ్లను మెత్తగా చిదమడం గొంతుకు అడ్డుపడకుండా కాపాడుతుంది. చీనీ, మామిడి పుల్లనివి కనుక రాగి, ఇత్తడి పాత్రలు వాడకుండా మట్టి మూకుడు గాని, స్టీలు గిన్నె గాని వాడాలి. వేపపూతను అరచేతుల మధ్య నలిపి, కాడలు ఏరివేసి, రేకులను మాత్రం తీసుకోవాలి.

ఆ రేకులను ఎప్పుడు, ఎలా కలపాలన్న చోట వంట మళ్లీ తత్త్వం అవుతుంది. బిడ్డకు తెలియకుండా పండ్ల అడుగున దాచి తినిపించడం ఎక్కువమంది చేసే పని. చేదు పూర్తిగా మానివేయడం మరికొందరు చేసే పని. రెండూ తప్పే, ఒకే కారణం చేత తప్పు. కఠోపనిషత్తులో శ్రేయస్సు, ప్రేయస్సు అనే విభాగాన్ని యముడు వివరించింది నచికేతుడనే బాలుడికి. ఏనుగులు, బంగారం, దీర్ఘాయువు, భోగాలు అన్నింటినీ యముడు అతని ఎదుట పరచి కోరుకొమ్మన్నాడు. ఆత్మవిద్య ఎంత దుర్లభమో కూడా దాచకుండా చెప్పాడు. బాలుడు రెండింటినీ చూసి ఎంచుకొన్నాడు. ఈ కథను పిల్లలకు తీపి మాన్పించడానికి ప్రమాణంగా వాడేవారు, భోగాలు అతని కంటికి కనబడకుండా ఎవరూ దాచలేదన్న సంగతిని విస్మరిస్తారు. ఎంపిక నిజమైనది కావాలంటే రెండూ ఎదుట ఉండాలి. దాచిన చేదు నోట తగిలిన బిడ్డ నేర్చుకొనేది చేదును సహించడం కాదు, పెట్టిన చేతిని అనుమానించడం; చేదు లేని పచ్చడి తిన్న బిడ్డకు పండుగ జరిగినట్లే ఉంటుంది గాని, శ్లోకం చెప్పిన ఒక్క ద్రవ్యమూ నోటికి చేరదు.

ఈ విషయంలో అమరాపురం పక్క ఇళ్లలోని బేవు-బెల్ల పద్ధతి పచ్చడి చేసేవారికి దారి చూపగలదు. అందులో రెండే ద్రవ్యాలు కావడం వలన పువ్వు ఏదో, బెల్లం ఏదో బిడ్డకు కనబడుతూనే ఉంటుంది. అదే విధంగా పండ్ల పచ్చడిని దేవునికి నివేదించే ముందు పూతను పైన చల్లి, వడ్డించేటప్పుడు పిల్లల గిన్నెలో రెండు మూడు రేకులు మాత్రం కనిపించేలా ఉంచి, ఇది చేదు, మేలు చేస్తుంది అని ఉన్నమాట చెప్పి, ముందు పెద్దలు తాము తిని చూపించాలి. ఒక ఏడు బిడ్డ ఒక్క రేకే నాలుకకు అంటించుకొని మిగిలిన పండ్లన్నీ తిన్నా విధి నెరవేరినట్లే భావించవచ్చు, అన్నప్రాశనలో పెట్టేది కూడా అంతే కనుక. మరుసటి ఏటికి రెండవ రేకు సంగతి చూసుకోవచ్చు.