ఫ్యాక్షన్ సినిమా, సీమ ప్రేక్షకుడు

నేరం, కుటుంబ కథ, ప్రేమ మూడూ ఒకే ముద్దగా కలిసిన తెలుగు సినిమా ఏదంటే ఫ్యాక్షన్ సినిమానే. 1997లో జయంత్ సి. పరాన్జీ 'ప్రేమించుకుందాం రా' రాయలసీమ పగల నడుమ ప్రేమకథ నడిపింది. 1999లో బి. గోపాల్ 'సమరసింహారెడ్డి' ఆ బాణీని స్థిరపరిచింది. 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర', 'ఒక్కడు' ఆ వెనకే వచ్చాయి. తెల్లబట్టలు, నాటుబాంబులు, గాల్లోకి లేచే సుమోలు వీటి సామగ్రి. వీటిని విజయవాడలో చూడటం వేరు, కథలో చెప్పే నేల మీదే కూర్చుని చూడటం వేరు. ఆ తేడాను ముగ్గురి వాదంగా ఊహించుకోవచ్చు: హిందూపురం అభిమాని, పెనుకొండలో రిటైరైన తెలుగు పండితుడు, ధర్మవరం నేతగాడు.

అభిమాని వాదం సూటిగా ఉంటుంది. "సినిమా సినిమానే సార్. బాలయ్య తొడగొడితే ఈల పడాల్సిందే. మేం పోయేది నరుకుడు చూసేదానికి కాదు, న్యాయం జరిగేది చూసేదానికి. కోర్టులో ఇరవై ఏండ్లు నానేది తెర మీద రెండున్నర గంటల్లో తేలిపోతాది."

తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదిది. హిందూపురం ఎన్.టి. రామారావును 1985, 1989, 1994లో, బాలకృష్ణను 2014, 2019, 2024లో శాసనసభకు పంపింది. ఇక్కడ ఈల థియేటరు గోడల దగ్గర ఆగదు.

పండితుడు అలంకారశాస్త్రంతో దిగుతాడు. "బాగనే చెప్పినావప్పా. అయితే అభినవగుప్తుడు రసానికి అడ్డొచ్చే విఘ్నాలు చెప్పినాడు. అందులో ఒకటి, చూసేవాడు తన ఊరు, తన కాలం, తన మనుషులే అని అందులో కూరుకుపోవడం. దుఃఖం ఎవరిదీ కానప్పుడే అది కరుణరసం. చచ్చినోడు మా మేనమామ కొడుకే అనిపించిందా, ఇంక మిగిలేది ఏడుపే."

పెనుకొండ విషయంలో ఈ సూత్రం మరీ గట్టిగా తగులుతుంది. తన తండ్రి శ్రీరాములు జీవితం మీద పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి తలపెట్టిన 'శ్రీరాములయ్య' చిత్రం ప్రారంభం రోజున, 1997 నవంబరులో, హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. సినిమా వార్త కోసం వెళ్లిన ఈటీవీ సిబ్బంది కూడా అందులో ఉన్నారు. పగను చూపించబోయిన సినిమా పగలోనే ఒక ఘట్టమైంది. ఎమ్మెల్యేగా ఉండగానే రవి 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. 2010లో రాంగోపాల్ వర్మ ఈ కథనే పాత్రల పేర్లు మార్చి 'రక్తచరిత్ర' తీశారు. పేరు మారినంత మాత్రాన ఊళ్లో ఎవరికి తెలియదు గనక?

"అయితే మా సీమోళ్లం సీమ సినిమా చూడకూడదా సార్?" అంటాడు అభిమాని.

"చూడు నాయనా. మన యాస యాడ నిజంగా పలికిందో, యాడ ఎక్కిరింపో కనిపెట్టి చూడు."

ఈ గీటురాయికి నిలిచేవాళ్లు కొద్దిమందే. కర్నూలు జిల్లా మనిషి, నటుడు జయప్రకాశ్ రెడ్డి వాళ్లలో ముందుంటారు. ఆయన నోట యాస అతికించినట్టుండదు. యాస సంగతి అలా ఉంచి, ప్రేమ దగ్గరికి వస్తే ఈ సినిమాలు తేలిపోతాయి. 'ప్రేమించుకుందాం రా', 'ఒక్కడు' రెండింట్లోనూ ప్రేమికుడు హైదరాబాదు నుంచి రావాలి, పిల్లను తప్పించాలి. సీమ అంటే పారిపోవాల్సిన చోటు! 2018లో త్రివిక్రమ్ 'అరవింద సమేత' చావుల తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల మాట విన్నది. అందుకే ఆ వరుసలో అది మెరుగు.

అంతవరకూ ఊరకున్న నేతగాడు ఒక్క మాటంటాడు. "పెండ్లి సీన్లో కట్టే పట్టుచీర మాది సామీ. దాన్ని నేసినోడు మాత్రం మీ సినిమాల్లో యాడా కనపడడు."

ముగ్గురిలో ఇతనిదే గట్టి ఆక్షేపణ. పండితుడు మరీ దగ్గరైనదాని చిక్కు చెప్పాడు. ఇతను అసలు తెరకెక్కనిదాన్ని అడుగుతున్నాడు. బాంబు పేలేది ఒక్క క్షణం, మగ్గం ఆడేది రోజంతా. 2019లో వచ్చిన 'మల్లేశం' ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథను తెలంగాణ చేనేత ఇంట్లోంచి చెప్పింది. ధర్మవరం మగ్గానికీ అలాంటి సినిమా ఒకటి కావాలి. సీమ రచయితలే దానికి పూనుకోవాలి.