రిస్పా పరచిన గోనెపట్ట

ధ్యాన భాగం: 2 సమూయేలు 21:8–14

దేశంలో కరువు పడినప్పుడు, సౌలు చంపిన గిబియోనీయులకు బదులుగా అతని వంశంలో ఏడుగురిని దావీదు రాజు ఆ జాతివారికి అప్పగించాడు. వాళ్లు ఏడుగురినీ కొండమీద ఉరితీశారు. ఆ ఏడుగురిలో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కన్న కొడుకులు. యవలకోత అప్పుడే మొదలైంది. ఆమె గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకుని కూర్చుంది. పగలు పక్షుల్ని అదిలించింది, రాత్రి అడవి జంతువుల్ని తరిమింది. వానలు పడేదాకా కదల్లేదు. ఎండాకాలంలో బండ ఎలా కాలుతుందో రామగుండం వాళ్లకు ఒకరు చెప్పాలా! రిస్పా ఒక్క మాటైనా అన్నట్టు గ్రంథంలో లేదు.

అలాంటి తల్లులు మన మధ్యా ఉన్నారు. మన జ్యోతినగర్ చుట్టూ, గోదావరిఖని నుంచి మంథని అడవుల దాకా, ఒక తరమంతా యుద్ధంలోనే బతికింది. సరిహద్దులో జరిగిన యుద్ధం కాదది. కొందరు పిల్లలు అన్నల్లో కలిశారు, కొందరు ఖాకీ తొడిగారు. కరీంనగర్ ఎస్పీగా పనిచేసిన ఉమేష్ చంద్రను 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు నడిరోడ్డు మీద నక్సలైట్లు కాల్చి చంపారు. పెద్దపల్లిలో పుట్టిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల కోటేశ్వరరావు 2011 నవంబరు 24న పశ్చిమ బెంగాల్ అడవిలో చనిపోయాడు. దశాబ్దాల కిందట ఇల్లు విడిచిన కొడుకు ముసలి తల్లి దగ్గరికి శవమై వచ్చాడు.

ఏటా అక్టోబరు 21న పోలీసులు తుపాకులు తలకిందులుగా పట్టుకుని నిలబడతారు. ఆ ఏడాది చనిపోయినవారి పేర్లు చదువుతారు. 1959లో లద్దాఖ్‌లో చైనా సైనికుల చేతిలో మరణించిన 10 మంది జ్ఞాపకార్థం మొదలైన దినం అది. జూలై 28 నుంచి వారం రోజులు ఎర్రస్తూపాల దగ్గర నక్సలైట్ల పక్షంవాళ్లు తలచుకునేది వేరే పేర్లను. ఒకచోట ఏడ్చినవాళ్లు రెండోచోట ముఖం తిప్పుకుంటారు. లోకం అలా ఉంటే ఉండనీ. సంఘం కూడా అలాగే ఉండిపోతే నాకు చాలా బాధ.

వాక్యాన్ని నిదానంగా చదవండి. ఏడుగురూ చనిపోయారు కదా అని దేశానికి శాంతి కలిగిందని అక్కడ లేదు. రిస్పా చేసింది దావీదు చెవిన పడింది. తనను చంపాలని వెంటాడిన సౌలు ఎముకల్ని, యోనాతాను ఎముకల్ని దావీదే వెళ్లి తెప్పించాడు. ఉరితీసినవారి ఎముకల్నీ ఏరించాడు. సౌలు తండ్రి సమాధిలో పాతిపెట్టించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన మొర దేవుడు విన్నాడు. సౌలు నిర్దోషి అని దీనర్థం కాదు. చేసిన హత్య హత్యే. అయినా అతని ఎముకలకు ఒక సమాధి దొరకాలి.

మన దగ్గరా ఈ యుద్ధాన్ని ఆపాలని విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, పౌర స్పందన వేదికలోని ఆయన సహచరులు ఏళ్లపాటు ప్రభుత్వం, నక్సలైట్లు, ఈ రెండు పక్షాల దగ్గరికీ తిరిగారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. 2005 మొదట్లోనే చెడిపోయాయి, మళ్లీ శవాలు లేచాయి. అయినా ఆ తిరగడం వ్యర్థమని నేను అనుకోను.

మన ప్రభువూ ప్రభుత్వం వేసిన శిక్షకే, సైనికుల మధ్య చనిపోయాడు. తల్లి కళ్లారా చూసింది. ఆయన దేహం కోసం అరిమతయియ యోసేపు వెళ్లి పిలాతును అడగవలసి వచ్చింది. ఎన్‌కౌంటర్ తర్వాత మార్చురీ ముందు పడిగాపులు కాసిన తండ్రికి ఆ వచనం ఇట్టే అర్థమవుతుంది. తిరిగి లేచిన యేసు, తనను విడిచి పారిపోయిన శిష్యుల మధ్యకు వచ్చి, ఎవరి మీదా పగ తీర్చుకోమని చెప్పలేదు. మీకు సమాధానం అన్నాడు, గాయపడిన చేతులు చూపించాడు. నా నిరీక్షణ అంతా ఆయన మీదే.

ప్రార్థన: ప్రభువా, ఈ గోదావరి ఒడ్డున ఖాకీలో చనిపోయినవారినీ, అడవిలో చనిపోయినవారినీ నీవు పేరుపేరునా ఎరుగుదువు. వారి తల్లుల్ని ఓదార్చు. ఆ ఇళ్ల గడప తొక్కే ధైర్యం మాకు ఇయ్యి. ఇంకా తుపాకి పట్టుకున్న చేతుల్ని ఆపు. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.