ఆటలో అబద్ధం ఉందా?



పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన ఒక పెద్దాయనను తెర ముందు కూర్చోబెట్టి, అందులో కనిపించే చెట్టు నుండి కాయలు కొయ్యమంటారు. నిజానికి అక్కడ చెట్టూ లేదు, కాయా లేదు. ఆయన చేతిని జానెడు ఎత్తితే తెరమీది చెయ్యి కొమ్మను అందుకుంటుంది. కళ్లకు పెద్ద కళ్లద్దాల వంటి పరికరం తగిలిస్తే తానే ఆ తోటలో నిలబడినట్లు ఉంటుంది. దీనినే వర్చువల్ రియాలిటీ అంటున్నారు. మన మైలవరం మామిడి తోటలలో నిజమైన చెట్లెక్కిన మనిషికి ఈ బొమ్మ చెట్టు చూపించడం న్యాయమేనా? డెబ్బై ఏళ్ల వానిని పిల్లల వీడియో గేము ముందు కూర్చోబెట్టడం ఆయన గౌరవానికి తగునా? ఈ ప్రశ్నలు తేలికగా తోసివేయదగినవి కావు.

ముందు జరిగేదేమిటో తెలుసుకుందాం. పక్షవాతంలో మెదడులో కొంత భాగం చచ్చిపోతుంది. అది తిరిగి బ్రతకదు. అయితే మిగిలిన భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. నేర్చుకోవాలంటే ఒకే కదలికను వందలసార్లు చేయాలి. నాలుగు రోజులకే విసుగు పుడుతుంది, ఎడమ చేత్తోనే అన్ని పనులూ కానిచ్చుకోవడం అలవాటవుతుంది, కుడి చెయ్యి ఉన్న సంగతే మెదడు మరచిపోతుంది. ఆట ఉపయోగపడేది ఇక్కడే. "చెయ్యెత్తు, దించు" అంటే పదిసార్లు చేసి ఊరుకునేవాడు, గెలవాలంటే వందసార్లు చేస్తాడు. యంత్రంలో మాయ ఏమీ లేదు.

మాయ లేదని పరిశోధకులే తేల్చారు. నింటెండో కంపెనీవారి వీ అనే ఆటయంత్రం 2006లో వచ్చింది. కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయిలాండ్ దేశాలలో 141 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. మామూలు చికిత్సతోపాటు ఒక జట్టు ఈ యంత్రంతో, రెండవ జట్టు పేకముక్కలు, తంబోలా వంటి బింగో, చెక్కముక్కలు పేర్చే ఆట, బంతాటలతో రెండు వారాలలో పదిసార్లు, గంట చొప్పున ఆడారు. 2016లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు జట్లూ మెరుగుపడ్డాయి, యంత్రానికి ఆధిక్యం ఏమీ కనబడలేదు. (పేకాట పేరు వినగానే కనుబొమలు ముడవకండి, అక్కడ డబ్బు పెట్టలేదు!) 2017లో 72 పరిశోధనలను కలిపి చూచినవారు కూడా, మామూలు చికిత్సకు బదులుగా కాక, దానికి అదనంగా వాడితే మేలుండవచ్చని అన్నారు.

దీనిని చదివినప్పుడు నాకు వామనగుంటలు గుర్తుకు వచ్చాయి. చింతపిక్కలను గుప్పిట పట్టి, ఒక్కొక్కటిగా గుంటలో జారవిడవడం పడిపోయిన వేళ్లకు ఎంత కష్టమో, అంత మంచి సాధన. అష్టాచెమ్మాలో గవ్వలు వేయడం కూడా అంతే. లక్షల ఖరీదు చేసే పరికరం కొనలేకపోయామని బాధపడే కుటుంబాలు ఈ మాట వినాలి.

ఇక గౌరవం మాట. ఆట పిల్లలకే అనుకోవడం మన పొరపాటు. పునీత తోమాసు అక్వినాసు గారు ఆటలో కూడా ఒక సుగుణం ఉందని వాదించి, పునీత యోహాను కథ ఒకటి చెబుతారు. శిష్యులతో ఆడుతున్న యోహానును చూచి కొందరు తప్పు పట్టగా, ఆయన వారిలో విల్లు పట్టుకున్న వానిని బాణాలు వేయమన్నాడట. ఎడతెగక వేయగలవా అని అడిగితే, విల్లు విరుగుతుందని వాడే చెప్పాడట. మనస్సూ అంతేనని యోహాను వారికి చెప్పాడు. మంచం పట్టిన మనిషి మనస్సు మనకంటే ఎక్కువగా బిగుసుకుని ఉంటుంది కదా!

మరి మోసం సంగతి? తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేసిన వి.ఎస్. రామచంద్రన్ అనే శాస్త్రవేత్త 1990లలో ఒక అద్దంతో ప్రయోగం చేశారు. బాగున్న చేతి ప్రతిబింబం, లేని చెయ్యి ఉండవలసిన చోట కనబడేటట్లు అద్దం నిలబెట్టారు. 1999లో పక్షవాతం వచ్చినవారికీ దీనిని ప్రయత్నించారు. అది అద్దమని రోగికి తెలుసు. తెలిసి కూడా చెయ్యి కదలినట్లు కనిపించడం మెదడుకు సాయపడుతుంది. అబద్ధమాడడమంటే ఎదుటివాడు నిజమని నమ్మాలని, నిజం కానిదాన్ని చెప్పడం. నాటకంలో రాజు వేషం కట్టినవాడు మనకు అబద్ధం చెప్పలేదు. రోగికి తెలిసి, ఆయన ఒప్పుకుని ఆడే ఆటలో మోసం లేదని నా అభిప్రాయం.

మోసం వేరే చోట ఉంది. "ఇది కొంటే నెలలో చెయ్యి వచ్చేస్తుంది" అనే మాటలో ఉంది. "నాన్నకు మంచి ఆట కొనిచ్చాం" అని చెప్పుకుని, గదిలో ఒంటరిగా వదలి వెళ్లడంలో ఉంది. మరొక మోసం కుటుంబాలు తమకు తామే చేసుకునేది. మేము ఇంకా బాగా చేయించి ఉంటే లేచి నడిచేవాడే అని కుమిలిపోతుంటారు. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులపై ఒక పెద్ద పరిశోధన జరిగి, 2017లో ఫలితం వచ్చింది. సగం మంది ఇండ్లవారికి వ్యాయామాలు చేయించడం నేర్పారు. ఆరు నెలలకు చూస్తే, రెండు జట్లలోను నూటికి 47 మంది మరణించారు, లేదా ఇతరులపై ఆధారపడి ఉన్నారు. నేర్పినందువల్ల తేడా రాలేదు. చేదైనా ఇది నిజం. మీ ప్రేమ తక్కువై ఆయన లేవలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

అలాగైతే కూర్చుని ఆడించడం ఎందుకు అంటారా? చెయ్యి వచ్చినా రాకపోయినా ఆయన ఇంకా మీ ఇంటి మనిషి గనుక. నేను రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్లే ఇండ్లలో చాలాచోట్ల మంచం గోడవైపు ఉంటుంది. అన్నం పెట్టేవారుంటారు, పక్క మార్చేవారుంటారు, ఎదురుగా కూర్చుని "ఇక మీ వంతు నాన్నగారూ" అనేవారు అరుదు.

ఫిజియోథెరపీ చేసేవారిని ఏ కదలిక చేయించవచ్చో అడగండి, భుజాన్ని గుంజవద్దు. అటకమీద వామనగుంటల పీట ఉంటే దించి తుడవండి. పిక్కలు ఆయన ఆ చేత్తోనే తీయాలి, ఎంతసేపు పట్టినా మీరు అందించవద్దు. ఆయనను సంతోషపెట్టాలని కావాలని ఓడిపోవద్దు కూడా, ఇట్టే తెలిసిపోతుంది.