మలుపులో పట్టుకొను బ్రేకు

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 10:9–29, గలతీ. 2:11–14



గడచిన వానకాలములో మా సైకిలునకు ఒక విచిత్రమైన తెగులు పుట్టెను. తిన్నని కాలువగట్టుమీద అది చక్కగా సాగుచుండెను. తుమ్మచెట్టు దగ్గర కుడివైపునకు తిప్పగానే వెనుక చక్రమును ఎవరో పట్టుకొనినట్లు నిలిచిపోవుచుండెను. రెండు మారులు కాలు మోపి తప్పించుకొంటిమి. మూడవ మారు బైబిలు సంచితో కూడ బురదలో కూర్చుంటిమి. పూర్వపు ఇనుప కడ్డీ బ్రేకులతో ఇట్టి బాధ మేమెరుగము. ఇది తీగ బ్రేకు.

మొదట నూనె వేసితిమి. గుణము కనబడలేదు. పిమ్మట తీగ బిగించిన నట్టును సడలించితిమి. మలుపులో పట్టుట తగ్గెను గాని, మరునాడు వంతెన దిగుడులో గేదె అడ్డము వచ్చినప్పుడు, పిడి ఎంత నొక్కినను బండి ఆగలేదు. పట్టకూడని చోట పట్టుచున్నదని, పట్టవలసిన చోట కూడ పట్టకుండ చేసికొంటిమి! మన సంఘములలో ఇట్టి మరమ్మతులు చాల జరుగుచున్నవి.

తుదకు సైకిలు షాపు కుర్రవానియొద్దకు తీసికొనిపోతిమి. అతడు స్టాండు వేసి, వెనుక చక్రమును గిర్రున తిప్పి విడిచి, హ్యాండిలును మెల్లగా ఎడమకు త్రిప్పెను. చక్రము తిరుగుచునే యుండెను. కుడికి త్రిప్పెను, ఆగెను. అప్పుడతడు వంగి చూచి, “ఈ ట్యూబు ముక్క ఎవరు కట్టారయ్యగారూ?” అని అడిగెను.

మేమే కట్టితిమి. తీగ వ్రేలాడుచు అందవిహీనముగా నున్నదని, పాత ట్యూబు ముక్కతో దానిని ఫ్రేమునకు బిగించి కట్టితిమి. వెనుక బ్రేకు పిడి ఎడమచేతి వైపున నున్నది. హ్యాండిలు కుడికి తిరిగినప్పుడు ఆ పిడి ముందుకు జరుగును. దానితో కూడ తీగయు జరుగుటకు కొంత వదులు కావలెను. మేము ఆ వదులు లేకుండ కట్టినందున తీగ గుంజుకొని, రబ్బర్లు రిమ్మును పట్టుచుండెను. అతడు ఆ కట్టు కోసివేసి, తీగను వెడల్పుగా వంపు తిరుగనిచ్చి, మేము సడలించిన నట్టును మరల బిగించెను. హ్యాండిలును రెండు ప్రక్కలకు కడవరకు త్రిప్పి చూచిన తరువాతనే బండి మా చేతికిచ్చెను.

ఆ మలుపు ఎక్కడికి పోవునో కూడ చెప్పవలెను. మన సంఘము రెండు పేటలది. మేము మొదటి పేట జనములోనివారము. తుమ్మచెట్టు మలుపు రెండవ పేటకు పోవును. పదునొకండు సంవత్సరములుగా అక్కడ ప్రార్థనలు చేసితిమి, బాప్తిస్మములిచ్చితిమి, చనిపోయినవారిని సమాధి చేసితిమి. ఒక్క పూట అన్నము తినలేదు. అడిగిన ప్రతిసారి “ఇంటి దగ్గర వంటయింది” అంటిమి. అనేక పర్యాయములు అది నిజము కాదు.

పేతురు సంగతి చూడుడి. యొప్పేలో ఆయన చర్మకారుడైన సీమోను ఇంట దిగియుండెను. తోళ్ల పని చేయువాని గడప త్రొక్కుటకు యూదులలో అనేకులు వెనుదీయుదురు. పేతురు అక్కడ అనేక దినములుండెను. అంతవరకు ఆయన దారి తిన్ననిదే. మధ్యాహ్నము మిద్దెమీద, ఆకలిగొనియున్నప్పుడు, ఆకాశమునుండి దిగిన దుప్పటిలోనివాటిని తినుమని ప్రభువు చెప్పగా, అక్కడ పట్టుకొనెను. మూడు మారులు చెప్పవలసి వచ్చెను. అయినను ఆయన లేచి, మరునాడే బయలుదేరి, ఆ మరునాడు కైసరయలో కొర్నేలీ యింట ప్రవేశించెను.

అయితే కొంతకాలమునకు అంతియొకయలో ఏమి జరిగెను? అన్యజనులతో కలిసి భోజనము చేయుచున్నవాడు, యాకోబునొద్దనుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తీసెను. కోసిన కట్టు మరల పడెను. బర్నబా కూడ దానిలో చిక్కెను. పేతురు అక్కడ దుర్బోధ ఏదియు చేయలేదు. భోజనపు పంక్తినుండి లేచెను, అంతే. పౌలు దానిని చిన్న సంగతిగా ఎంచక, అందరి యెదుట ముఖాముఖిగా అడ్డగించెను.

మనము తిన్నని దారిలోనే మనలను పరీక్షించుకొందుము. ఆరాధనకు వచ్చితిమా, కానుక వేసితిమా అని చూచుకొని సంతోషింతుము. ఆ పేటవారు పిల్లనడిగినప్పుడు, సమాధుల దొడ్డిలో స్థలమడిగినప్పుడు, ప్రభువు బల్లయొద్ద ఎవరి తరువాత ఎవరు పాత్ర పట్టుకొందురను మాట వచ్చినప్పుడు మన చక్రము తిరుగునా? కట్టు కట్టినది మన తాతలైనను, మనమైనను, అది కోయువరకు పట్టుచునే యుండును.

బండి బాగుపడిన సాయంకాలమే, జబ్బుగా నున్న ఒక అవ్వ కొరకు ప్రార్థించుటకు ఆ పేటకు పోతిమి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఆమె కోడలు వాడుక చొప్పున, “అన్నం తిని వెళ్లండయ్యగారూ” అని, మా జవాబు ఎరిగినదై, వినకయే లోపలికి తిరిగెను. మేము కాళ్లు కడుగుకొనుటకు నీళ్లడిగితిమి. ఆమె ఆగి మా ముఖము చూచి, చెంబు తెచ్చెను. అన్నమును ఉలవచారును వడ్డించిరి. అవ్వ మంచముమీద లేచి కూర్చుండి, మేము చేయి కడుగుకొనువరకు చూచుచుండెను.